ఒప్పించడం ఎలా

“అమ్మ వేషం ఎవరు వేస్తారు?” అని శిక్షకుడు అడిగినప్పుడు ఎవరూ చెయ్యెత్తలేదు.

అది కాలేజీలో సైన్సు ప్రయోగశాల. వేసవి సెలవులు కాబట్టి టీచర్ల శిక్షణకిచ్చారు. బల్లల మీద గ్యాసు కుళాయిలు తుప్పు పట్టి ఉన్నాయి. చేతులు కడుక్కునే తొట్లలో నీళ్ళకి బదులు దుమ్ముంది. వీపు ఆనించుకోవడానికి వీల్లేని ఎత్తు స్టూళ్ళ మీద కూర్చున్న టీచర్లు, అచ్చం తమ పిల్లల్లాగే, శిక్షకుడి చూపు తమ మీద పడకుండా తలలు దించుకున్నారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

శిక్షకుడు కుర్రవాడు. చొక్కా కాలరుకి చిన్న మైకు తగిలించుకుని, నిన్నటి నుంచీ ఒక్క నిమిషం కూర్చోకుండా మాట్లాడుతున్నాడు. బీద ఇళ్ళ పిల్లల్ని కాలేజీ దాకా చేర్చడం ఎలా అన్నది శిక్షణ. నిన్నంతా పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పాడు. ఈ రోజు వాళ్ళ తల్లిదండ్రులతో.

“భయపడకండి. మార్కులు వెయ్యను,” అన్నాడు.

“నేను వేస్తాను,” అంది లెక్కల టీచరు. అన్నాక తనే ఆశ్చర్యపోయింది. బళ్ళో ఇన్నేళ్ళలో వార్షికోత్సవానికి ఆమె తెర లాగడం తప్ప స్టేజీ ఎక్కింది లేదు.

బోర్డు ముందు కుర్చీ వేశారు. ఎదురుగా ముగ్గురు టీచర్లు. పక్క ఊరి బడి నుంచి వచ్చిన సైన్సు టీచరు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. పెద్ద గొంతున్న డ్రిల్లు మాస్టారు. కళ్ళజోడు తుడుచుకున్నాయన. శిక్షకుడు ఆట నియమాలు చెప్పాడు. “మీ అమ్మాయికి రెసిడెన్షియల్ కాలేజీలో సీటొచ్చింది. శనివారం లోపు చేరాలి. మీరు పంపనంటున్నారు. వీళ్ళు మిమ్మల్ని ఒప్పించాలి. గుర్తుందిగా, ముందు వినాలి. తర్వాతే మాట్లాడాలి. ‘కానీ’ అనకూడదు.”

సైన్సు టీచరు ముందుకి జరిగింది. “అమ్మా, మీ పాప చాలా తెలివైనదమ్మా.”

“తెలుసమ్మా. నేనే కన్నాను.”

అందరూ నవ్వారు. సైన్సు టీచరు కూడా నవ్వి, సర్దుకుని, “చదువుకుంటే మంచి ఉద్యోగం వస్తుందమ్మా,” అంది.

“ఎప్పుడు?”

“నాలుగైదేళ్ళలో.”

“అందాకా?”

“అందాకా మీకేం ఇబ్బంది లేదమ్మా. హాస్టల్లో అన్నీ ఉచితం. తిండి, పుస్తకాలు, మంచం…”

“దానికి సరే. మాకో?”

మళ్ళీ నవ్వులు లేచాయి కానీ కాస్త తక్కువ మంది నవ్వారు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా, ఇన్నాళ్ళూ ఇంత కష్టపడి పెంచావు. ఇంకొక్క నాలుగేళ్ళు ఓపిక పట్టలేవా?”

లెక్కల టీచరు తన కుడిచెయ్యి ఒళ్ళోంచి తీసి మోకాలి మీద పెట్టుకుంది. వేళ్ళు సగానికి వంగి అక్కడే ఆగిపోయినట్టు పెట్టింది. “ఓపికుందండి. చెయ్యే లేదు,” అంది. “ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పని నాది. తడి దుప్పటి మిషన్లోంచి లాగాలంటే పిడికిలి పట్టాలి. ఈ చెయ్యి పట్టదు. జారిపోతున్నాయి. సోమవారం నించి నా బదులు పిల్లని పంపితే చోటుంచుతానన్నాడు సూపర్‌వైజరు. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు. ఆయన్నీ అనడానికి లేదు. నెల రోజులుగా నన్ను పొడి వైపు మడతల దగ్గర కూర్చోబెట్టి నెట్టుకొస్తున్నాడు.”

“ఇంట్లో ఇంకెవరూ లేరా?” అన్నాడు డ్రిల్లు మాస్టారు. గొంతు ఇప్పుడంత పెద్దగా లేదు.

“మా ఆయన పోయాడు. మా అత్త ఉంది, మంచం మీద. ఇద్దరు పట్టుకుంటేగాని లేవదు. ఒకదాన్ని నేను. రెండో మనిషి ఇదే.”

కళ్ళజోడాయన, “ప్రభుత్వ సాయం ఏదైనా…” అని మొదలుపెట్టాడు.

“ఎక్కడ అడగాలో మీకు తెలుసా? తెలిస్తే నాతో వస్తారా?”

ఆయన మళ్ళీ కళ్ళజోడు తీశాడు. సైన్సు టీచరు చివరి ప్రయత్నంగా, “మీరు చెప్పేవన్నీ నిజమేనమ్మా. అయినా పిల్ల భవిష్యత్తు ఆలోచించాలి కదా?” అంది.

“ఆలోచించేది మీరొక్కరే అయినట్టు మాట్లాడకండమ్మా.”

ఎవరూ నవ్వలేదు. పైన పంకా కిరకిరమంటోంది. అంతలో శిక్షకుడి చేతిలో ఫోను గంట కొట్టింది, సమయం అయిపోయిందని. “అద్భుతం!” అంటూ చప్పట్లు కొట్టాడు. అందరూ ఊపిరి తీసుకుని కొట్టారు. అతను బోర్డు వైపు తిరిగి ‘అడ్డంకులు’ అని రాసి, దాని కింద ఆర్థికం, ఆరోగ్యం, అవగాహనా లోపం అని రాశాడు.

లెక్కల టీచరు ఇంకా ఆ కుర్చీలోనే ఉంది. “అవగాహనా లోపం ఎక్కడొచ్చింది సార్?” అంది.

“సాధారణంగా ఉంటుంది మేడమ్.”

“నన్నెవరూ ఒప్పించలేదు. మీరైతే ఎలా ఒప్పిస్తారో చెప్పండి.”

శిక్షకుడు సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “ఒక్కసారికే ఒప్పుకోరు మేడమ్. విత్తనం వేశాం. మొలవడానికి టైము పడుతుంది.”

“సోమవారానికి మొలుస్తుందా?” అన్నాడు వెనక నుంచి ఎవరో. గది గొల్లుమంది. శిక్షకుడూ నవ్వి, టీ విరామం ప్రకటించాడు.

వరండాలో టీ తాగుతూ డ్రిల్లు మాస్టారు ఆమె పక్కన చేరాడు. “ఏమండీ, భలే చేశారు. ఎక్కడ నేర్చుకున్నారు?”

“నేర్చుకోలేదండీ. గుర్తు చేసుకున్నాను. మా క్లాసు పిల్ల వాళ్ళమ్మ మొన్న నాతో అన్న మాటలే అవన్నీ.”

ఆయన గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. “అయితే ఆ సీటు…”

“నిజమే. శనివారం కూడా నిజమే.”

*

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె భర్త గడియారాల దుకాణం మూసి ముందే వచ్చేశాడు. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి, “వేసవి సెలవుల్లో బడికెళ్ళే మొద్దు పిల్లవి నువ్వొక్కదానివే,” అన్నాడు. “ఇవాళ పాఠం ఏమిటి?”

“తల్లుల్ని ఒప్పించడం.”

“నా మీద ప్రాక్టీసు చెయ్యి. నేను తొందరగా ఒప్పుకుంటాను.”

ఆమె నవ్వలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి గడప దగ్గర కూర్చుని, ఆ పిల్ల సంగతి మళ్ళీ ఎత్తింది. ఆ పిల్ల అంటే బొంగరం. ఆ పేరు క్లాసు పెట్టింది. కాలు ఒక చోట నిలవదు. లెక్క చెయ్యమంటే బెంచీ చుట్టూ ఓ తిరుగుడు తిరిగొచ్చి జవాబు చెబుతుంది. ఆ జవాబు తప్పయిన రోజు క్లాసంతా పండగ చేసుకుంటుంది, అంత అరుదు.

“ఆ ముసలావిడని ఏదైనా వృద్ధుల ఆశ్రమంలో పెడితే?” అన్నాడు భర్త.

“అడిగాను. మంచం పట్టినవాళ్ళని తీసుకోరట. లేచి తిరిగేవాళ్ళనే తీసుకుంటారట.”

“లేచి తిరిగేవాళ్ళకి ఆశ్రమం ఎందుకు?”

“అదే నేనూ అడిగాను.”

ఆయన కూర దించి మూత పెట్టాడు. లోపలి గదిలో ఆయన తండ్రి దగ్గుతున్నాడు. రెండు గదుల ఇల్లు అది. ఒక గది మామగారిది. ఇంకో గది పగలు హాలు, రాత్రి పడగ్గది. లెక్కల టీచరు ఆ గది వైపు, గోడకి చేరేసిన మంచం వైపు, ఇంకో మంచం పడుతుందా అన్నట్టు చూసింది. ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. భర్త కూడా అదే చూపు చూసి, అదే మాట విన్నట్టు ఆమె వైపు తిరిగాడు. ఆయన పళ్ళేలు తీశాడు. ఆమె లేచి మంచినీళ్ళు ముంచింది.

*

మర్నాడు ప్రయోగశాలలో మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా కనిపించింది. శిక్షకుడు లెక్కల టీచరు కోసమే కాచుకుని ఉన్నాడు.

“మేడమ్, నిన్న మీరు చేసింది మా ఆఫీసులో చెప్పాను. మిగతా ఊళ్ళ శిక్షణల్లో చూపించడానికి వీడియో కావాలన్నారు. అంతా నిన్నటిలాగే. చివర్లో ఒక్క మార్పు. మీరు ఒప్పుకోవాలి.”

“ఏ మాటకి?”

“అంటే?”

“నిన్న వీళ్ళు ఏ మాటన్నా నేను ఒప్పుకోలేదు కదా. ఇవాళ ఏ మాట వింటే ఒప్పుకోవాలి?”

శిక్షకుడు మూడు రోజుల్లో మొదటిసారిగా, ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాలరు మైకు ఇంకా పనిచేస్తున్నట్టుంది, అతను ఊపిరి వదలడం గదంతా వినిపించింది. “మీరే చెప్పండి మేడమ్. ఏమంటే ఒప్పుకుంటారు?”

ఆమె నిజంగానే ఆలోచించింది. ఆ తల్లి మొహం తెచ్చుకుని ఆలోచించింది. ఏదీ తట్టలేదు. అప్పుడు సైన్సు టీచరు మెల్లగా అంది, “మీ అత్తగారిని మేం చూసుకుంటాం అంటే?”

డ్రిల్లు మాస్టారు, “ఆ వీడియో చూపిస్తే టీచర్లంతా కిటికీల్లోంచి దూకి పారిపోతారమ్మా,” అన్నాడు. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. సైన్సు టీచరు మొహం ఎర్రబడింది. లెక్కల టీచరు ఆ కుర్ర టీచరు భుజం మీద చెయ్యి వేసి కెమెరా ముందుకి తీసుకెళ్ళింది.

అన్ని మాటలూ మళ్ళీ నడిచాయి. ఆఖరికి సైన్సు టీచరు, “పిల్ల భవిష్యత్తు ఆలోచించాలి కదమ్మా,” అనగానే, అనుకున్న ప్రకారం, ఆమె తల దించుకుని కాసేపాగి, “సరే. పంపిస్తాను,” అంది.

“బాగుంది మేడమ్. ఇంకొక్కసారి. కొంచెం సంతోషంగా ఒప్పుకోండి.”

రెండోసారి పంకా చప్పుడు ఎక్కువగా వచ్చింది. పంకా ఆపేసి, చెమటలు కారుతుండగా మూడోసారి తీశారు. “సరే. పంపిస్తాను!” అంది ఆమె, నవ్వుతూ. గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. శిక్షకుడు పంకా వేశాడు. చల్లగాలి వీపుకి తగిలేసరికి ఆమెకి ఒళ్ళు జలదరించింది.

భోజనాల వేళ ఆమె అతన్ని పక్కకి పిలిచి, ఆ పిల్లా ఆ సీటూ నిజమని చెప్పింది. అతను విస్తుపోయాడు. కాలేజీ ఏదని అడిగాడు. చెప్పింది.

“అక్కడ నాకు తెలిసినవాళ్ళున్నారు,” అన్నాడు.

“ఒక్క ఏడాది సీటు ఆపుతారేమో కనుక్కోండి. చాలు.”

అతను అప్పటికప్పుడే ఫోను చేశాడు. సిగ్నలు కోసం మెట్ల కిందకి వెళ్ళాడు, అక్కడ నుంచి ఎండలోకి వెళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతూ, చేత్తో గాలిలో ఏదో వివరిస్తూ, అన్నం చల్లారిపోయేదాకా తిరిగాడు. తిరిగొచ్చినప్పుడు చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. అతని మొహం చూడగానే ఆమెకి అర్థమైంది.

“ఈ ఏడు సీటు ఈ ఏడేనట మేడమ్. చేరకపోతే వెనకాల ఉన్నవాళ్ళకి వెళ్ళిపోతుంది. ప్రవేశ పరీక్ష వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు. రాయకూడదని ఎక్కడా లేదు.”

“పనిలో చేరిన పిల్ల మళ్ళీ పరీక్ష రాయడం మీరెప్పుడైనా చూశారా?”

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. “ఆవిడతో ఇంకోసారి మాట్లాడండి మేడమ్. ఇప్పుడు మీకు పద్ధతి తెలుసు కదా,” అన్నాడు. అందులో వెటకారమేమీ లేదు. అతనికి అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

*

లాండ్రీ ఆస్పత్రి వెనక వైపు ఉంది. సాయంత్రం షిఫ్టు మారే వేళకి లెక్కల టీచరు అక్కడికి చేరి ఇనుప గేటు దగ్గర నిలబడింది. లోపల నుంచి ఆవిరి, సబ్బు, ఇంకేదో మందు కలిసిన వేడి వాసన వస్తోంది. తడి వైపు ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, మిషన్ల నోళ్ళలోంచి దుప్పట్లు లాగి బండ్లలో పడేస్తున్నారు. నీళ్ళు పీల్చిన దుప్పటి మనిషంత బరువుగా వాళ్ళ చేతుల మీద వేలాడుతోంది. పొడి వైపు బొంగరం వాళ్ళమ్మ ఇంకొకావిడతో కలిసి మడతలు పెడుతోంది. ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని దూరం జరుగుతారు, ఒక్క విదిలింపు విదిలిస్తారు, కలుస్తారు, మళ్ళీ దూరం జరుగుతారు. ఆవిడ కుడిచేత్తో కొస పట్టుకోదు. ముంజేతికి, పొట్టకి మధ్య నొక్కిపెట్టి ఎడం చేత్తో సర్దుతోంది. చూడనివాళ్ళకి తెలియదు. చూస్తే వేరే ఏదీ కనిపించదు.

బయటికి వచ్చి టీచర్ని చూసి ఆవిడ ఆగిపోయింది. తర్వాత నవ్వింది. “మళ్ళీ వచ్చారా మేడమ్? మా బొంగరం మీకు బాకీ పడ్డట్టు తిరుగుతున్నారు.”

ఇద్దరూ కలిసి నడిచారు. ఎండ ఇంకా గోడల్లో ఉంది. ఆవిడ ఎడం చేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి వంచుకుంటూ నడుస్తోంది.

“సెలవుల్లో కూడా మీరు ఎక్కడికో వెళ్తున్నారంట. ఏదో శిక్షణంట. బొంగరం చెప్పింది. ఏం నేర్పుతున్నారు మీకు?”

లెక్కల టీచరు అబద్ధం వెతుక్కుంది కానీ దొరకలేదు. “మీతో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు,” అంది.

“నాతోనా?”

“మీలాంటి అమ్మలతో. పిల్లల్ని కాలేజీకి పంపించమని ఒప్పించడానికి.”

“ఎన్ని రోజులు?”

“నాలుగు.”

ఆవిడ నడక ఆపి, పగలబడి నవ్వింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వి, కళ్ళు తుడుచుకుంది. “నాలుగు రోజులా! ఇంతమంది టీచర్లూ! అయ్యో, నన్నూ పిలవకపోయారా మేడమ్, వచ్చి కూర్చునేదాన్ని కదా. టీ కూడా ఇస్తారా?”

“ఇస్తారు. బిస్కట్లు కూడా.”

“చూశారా మరి!”

ఆ నవ్వులో లెక్కల టీచరు కూడా నవ్వింది. నవ్వుతూనే ఇంటి గుమ్మం దాకా వచ్చేశారు. గుమ్మంలో ఆవిడ నవ్వు ఆగిపోయింది.

ఒకటే గది. కిటికీ పక్కన మంచం మీద ముసలావిడ. మూలన ఒక సంచి, బట్టలు సర్ది జిప్పు వేసి ఉంది. బొంగరం గదిలో లేదు. “పెరట్లో ఉంటుంది,” అంది తల్లి గొంతు తగ్గించి. “రెండ్రోజులయింది, ముద్ద ముట్టడం లేదు. ఒక్క మాట ఎదురు చెప్పదు. అరిచినా బాగుండును. చెప్పిన పనల్లా చేస్తుంది, నాయనమ్మని లేపుతుంది, పడుకోబెడుతుంది. తిండి దగ్గరకొస్తే ఆకలి లేదంటుంది.”

మంచం మీద ముసలావిడ కదిలింది. “ఎవరే?”

“బొంగరం వాళ్ళ టీచరు, అత్తయ్యా. లేస్తావా?”

తల్లి పెరటి వైపు తల తిప్పి పిలవబోయింది. లెక్కల టీచరు, “ఉండండి, నేను పట్టుకుంటాను,” అని చేతిసంచి కింద పెట్టింది. ఎటు పట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. “చంక కింద చెయ్యి పెట్టండి మేడమ్. లాగకండి, చర్మం ఊడొస్తుంది. మీ మోకాలు మంచానికి ఆనించండి. ఆఁ, ఇప్పుడు.” ముసలావిడ ఎముకల గూడులా ఉంది, అయినా ఆ బరువుకి లెక్కల టీచరు నడుము కలుక్కుమంది. తల్లి తన వైపు మోచేతుల మీదే మోసింది. బాత్రూము దాకా, మళ్ళీ మంచం దాకా నడిపించారు. అంతసేపూ ముసలావిడ, “మీకెందుకమ్మా ఈ బాధ, మీకెందుకు,” అంటూనే ఉంది. పడుకోబెట్టి, పక్క సర్ది, దిండు కింద చెయ్యి తీశాక లెక్కల టీచరు నిలబడి రొప్పింది. దారంతా మనసులో పేర్చుకున్న మాటలు ఎక్కడో జారిపోయాయి. వెతికినా ఒక్కటీ చేతికి రాలేదు.

తల్లి నీళ్ళిచ్చింది. గ్లాసు రెండు చేతుల మధ్యా పట్టుకుని ఇచ్చింది.

“మేడమ్, మీరేం చెప్పడానికి వచ్చారో తెలుసు. మీ శిక్షణ మీరు చేసుకోండి, వింటాను. విన్నాక నా మాటొకటి వినండి.”

“మీరే ముందు చెప్పండి.”

“మీ మాటంటే దానికి గురి. నేను చెబితే ఆజ్ఞ అవుతుంది. వింటుంది, విని జన్మంతా లోపల దాచుకుంటుంది. మీరు చెబితే లెక్కలా ఉంటుంది. ఈ ఏడాదికి కాదని దానికి మీరు చెప్పండి.” ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. “అది నన్ను తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి. తిండి తినేట్టు చెయ్యండి చాలు. తడి వైపు పని తినని ఒంటికి సాగదు.”

లెక్కల టీచరు ముసలావిడ వైపు చూసింది. ముసలావిడ కళ్ళు మూసుకుని, నిద్ర నటిస్తూ ఊపిరి బిగబట్టి ఉంది. మూలన సంచి ఉంది. ఏదో ఒకటి ఉంటుందని, ఎవరికో ఒకరికి ఫోను చేస్తే దొరుకుతుందని ఆమె అనుకుంటూ నిలబడింది. చెయ్యదగ్గ ఫోను మధ్యాహ్నమే అయిపోయింది.

గ్లాసు కింద పెట్టి పెరట్లోకి నడిచింది.

బొంగరం నీళ్ళ తొట్టి గట్టు పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్ళు చేతులతో చుట్టుకుని ఉంది. ఆ పిల్ల అంత కదలకుండా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. లెక్కల టీచరు వెళ్ళి పక్కన నేల మీదే కూర్చుంది. వీపుకి గట్టు ఇటుక వేడిగా తగిలింది.

“అమ్మ ఒప్పుకుందా మేడమ్?” అంది బొంగరం కొంతసేపటికి.

“నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పు.”

బొంగరం చెప్పడం మొదలుపెట్టింది. నాయనమ్మని పెదనాన్న వాళ్ళింట్లో ఉంచితే అమ్మ ఏదైనా చిన్న పని చూసుకోవచ్చు. కానీ పెదనాన్న ఊరొదిలి వెళ్ళిపోయాడు. పక్కింటి పిన్ని రోజుకి రెండుసార్లు వచ్చి లేపితే చాలు. కానీ పిన్నికి కొత్త పాప పుట్టింది. తను హాస్టల్ కాకుండా ఇక్కడే ఏదైనా కాలేజీలో చేరి సాయంత్రం షిఫ్టుకెళ్తే? ఆ సూపర్‌వైజర్ని అడిగింది. పొద్దుటి షిఫ్టులోనే ఖాళీ. వేలితో నేల మీద గీతలు గీస్తూ ఒక్కో దారీ చెప్పి, ఒక్కోదాన్నీ తనే కొట్టేసింది. “ఎటు నించి చేసినా ఒక మనిషి తక్కువ పడుతోంది మేడమ్.”

లెక్కల టీచరు ఆ గీతలు చూసింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని, క్లాసులో ఎన్నడూ వెతకనంత ఆశగా వెతికింది. తప్పు లేదు.

“ఒక ఏడాది ఆగుదాం,” అంది. గొంతు మెత్తగా, తొందర లేకుండా వచ్చింది. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలుసు. మూడు రోజులుగా మైకులో వింటోంది. “సీటు ఎక్కడికీ పోదు, పరీక్ష వచ్చే ఏడు మళ్ళీ రాయొచ్చు. నేను కనుక్కున్నాను. సాయంత్రాలు మా ఇంటికి రా, కూర్చుని చదువుదాం.”

“నిజంగా రాయొచ్చా?”

“నిజంగా.”

“అప్పటికి అమ్మ చెయ్యి బాగవుతుందా?”

“అవ్వొచ్చు.”

బొంగరం తల తిప్పి ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. లెక్కల టీచరు చూపు తిప్పుకోకుండా ఉండగలిగింది. అలా ఉండగలిగినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ పిల్ల చెయ్యి చాచి టీచరు దుస్తుల అంచుకి అంటిన ఇటుకపొడి దులిపింది.

“సరేలెండి మేడమ్. మీరు బాధపడకండి,” అంది.

లేచి తొట్టిలో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంది. లోపలికి వెళ్ళి పళ్ళెం తీసుకుని నేల మీద కూర్చుంది. తల్లి గబగబా వడ్డించింది, గరిటె ఎడం చేత్తో పట్టుకుని, కొంచెం కింద పోస్తూ. బొంగరం తిన్నది. ముందు మెల్లగా తిని, తర్వాత ఆకలి తెలిసొచ్చినట్టు పెద్ద పెద్ద ముద్దలు తిన్నది. మంచం మీద ముసలావిడ కళ్ళు తెరిచి మనవరాలి నోటి వైపే చూస్తోంది. గుమ్మంలో నిలబడ్డ లెక్కల టీచర్ని కూర్చోమని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు.

“ఇంకొంచెం పెట్టమ్మా,” అంది బొంగరం. పెట్టించుకుని, తల ఎత్తకుండా, “పొద్దున్న ఎన్నింటికి వెళ్ళాలి?” అని అడిగింది.

తల్లి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కూతురు ఒప్పుకోవాలనే ఆవిడ టీచర్ని పెరట్లోకి పంపింది. ఇప్పుడు ఆ మొహంలో, ఇంకెవరో వచ్చి అడ్డుపడతారని ఇందాకటి దాకా ఎదురుచూసి, వాళ్ళు రాలేదని తెలుసుకున్న మనిషి ఉంది. ఆవిడ టీచరు వైపు ఒక్కసారి చూసి, కూతురు పక్కన నేల మీద కూలబడింది.

“సోమవారం కదే,” అంది. “అందాకా నిన్నెవరూ నిద్ర లేపరు.”